ఆకలి పిల్లలది, అపరాధం అమ్మది

"ప్రకటన సమాజానికి అద్దం. ఇళ్లలో వండేది ఆడవాళ్లు కాబట్టి తెర మీదా ఆడవాళ్లే వండుతారు. ఇందులో తప్పు పట్టడానికేముంది?" ఈ మాట ప్రకటనలు తీసేవాళ్లూ అంటారు, చూసేవాళ్లూ అంటారు. చదువుకున్నవాళ్లు మరింత నమ్మకంగా అంటారు. తిండి ప్రకటనల్లోని ఆడ, మగ మూసల గురించి ఎవరు నోరు విప్పినా, ఈ ఒక్క మాటతో చర్చ అక్కడికక్కడే ముగిసిపోతుంది. ఈ వాదం మొదలంటా తప్పు. ఎందుకు తప్పో వివరంగా చెప్పాల్సిన అవసరం వచ్చింది.

అద్దానికి ఎంపిక లేదు, ఎదురుగా ఏముంటే అది చూపిస్తుంది. ముప్పై సెకన్ల ప్రకటనలో ఎంపిక కాని క్షణం ఒక్కటీ ఉండదు. వంటింటి గోడ రంగు, అమ్మ కట్టిన చీర, పిల్లాడి మోకాలికి అంటిన మట్టి, గిన్నెలోంచి ఆవిరి లేచే తీరు, ఎవరు కూర్చుని తింటారు, ఎవరు నిలబడి చూస్తారు, చివర్లో కెమెరా ఎవరి ముఖం మీద ఆగుతుంది, ఇవన్నీ కొందరు కూర్చుని వాదించుకుని, డబ్బు పోసి తీసుకున్న నిర్ణయాలు. నిర్ణయాన్ని ప్రతిబింబం అని పిలిస్తే దానికి బాధ్యుడు లేకుండా పోతాడు. ఆ మాట అంత ప్రచారంలో ఉండటానికి కారణం ఇదేనని నా నమ్మకం.

సరే, అద్దమే అనుకుందాం. అద్దమైతే పనంతా కనపడాలి. జాతీయ గణాంక కార్యాలయం 2024లో దేశమంతటా చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంట్లోవాళ్ల కోసం జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్లకి రోజుకు సగటున 289 నిమిషాలు దానికే పోతున్నాయి. ఆ పని చేసే మగవాళ్లకి పోయేది 88 నిమిషాలు. 2019లో ఇదే సర్వేలో ఈ అంకెలు 299, 97. ఐదేళ్లలో ఆడవాళ్ల పని పది నిమిషాలు తగ్గితే, మగవాళ్ల పని కూడా తొమ్మిది నిమిషాలు తగ్గింది. పిల్లల్నీ ముసలివాళ్లనీ చూసుకునే సమయం వేరే లెక్క, ఇందులో కలవలేదు.

దగ్గర దగ్గర ఐదు గంటలు. ఇందులో ప్రకటన చూపించేది వడ్డించే ఆ ఒక్క క్షణాన్ని. సింకులో పేరుకున్న గిన్నెలు ఉండవు. పప్పు ఉడికేలోగా కూర మాడకుండా చూసుకోవడం, మధ్యలో గ్యాస్ అయిపోవడం, నలుగురు తిన్నాక మిగిలినదాన్ని చూసి తన కంచంలో ఎంత పెట్టుకోవాలో లెక్కేసుకోవడం, రాత్రి స్టవ్ తుడిచి రేపటి ఇడ్లీకి పిండి కలిపి మూతపెట్టడం, ఏదీ ఉండదు. ప్రకటనలో పొయ్యి దగ్గర చెమట పట్టదు. ఐదు గంటల పనిని తీసేసి ఒక్క చిరునవ్వు ఉంచారంటే అది ఏరుకుని చేసిన పని. అక్కడ చూపించిన అమ్మ నిజమే కావచ్చు, ఆమె చుట్టూ ఉన్న నిజాన్ని మాత్రం కత్తిరించేశారు.

వండేది ఆడవాళ్లే అన్న మాట కూడా సగమే. పెళ్లిలో వంద ఆకులు లేచే వంట ఎవరు చేస్తారు? హోటల్లో దోశ మాస్టరు ఎవరు? బిర్యానీ డేక్షా దమ్ము తీసేది ఎవరు? అక్కడంతా మగవాళ్లే. మన కథల్లో పేరుమోసిన వంటగాళ్లు నలుడూ, భీముడూ. కూలీ, జీతం, పేరు ఉన్నచోట వంట మగవాళ్ల విద్య. అవేమీ లేనిచోట ఆడవాళ్ల ప్రేమ. ప్రకటన ఈ రెండింటినీ చక్కగా గుర్తుపెట్టుకుంటుంది. తెల్లటోపీ పెట్టుకుని మసాలా గొప్పతనం వివరించే నిపుణుడిగా మగవాణ్ణి తెస్తుంది, తల ఊపి ఆ పొట్లం కొనే ఇల్లాలిగా ఆడమనిషిని తెస్తుంది. అమెరికాలో మెక్‌ఆర్థర్, రెస్కో అనే ఇద్దరు పరిశోధకులు 1975లోనే టీవీ ప్రకటనలు పరిశీలించి చెప్పింది ఇదే: మగవాళ్లు వస్తువు గురించి తెలిసినవాళ్లుగా, ఆడవాళ్లు దాన్ని వాడేవాళ్లుగా కనిపిస్తున్నారు. యాభై ఏళ్లు దాటినా ఆ పొందిక మన మసాలా, నూనె ప్రకటనల్లో చెక్కుచెదరలేదు.

ఇక మ్యాగీ నూడుల్స్ ప్రకటనల్ని కాస్త దగ్గరగా చూద్దాం. దేశంలో కనీసం రెండు తరాలు వాటి మీదే పెరిగాయి కాబట్టి ఈ ఉదాహరణ.

మ్యాగీ మన మార్కెట్లోకి వచ్చింది 1983లో. తొలి ప్రకటనల కథ ఎవరికైనా గుర్తుంటుంది. పిల్లలు బడి నుంచో, ఆటల నుంచో ఇంట్లోకి దూసుకొస్తారు. ఆకలి, ఆకలి అంటారు. రెండు నిమిషాలు అంటుంది అమ్మ. గిన్నె వస్తుంది, పిల్లలు ఎగబడి తింటారు, అమ్మ చూసి మురిసిపోతుంది. చాలామందికి ఇందులో ఆక్షేపించాల్సింది ఏమీ కనిపించదు. ప్రేమగా ఉంది, చల్లగా ఉంది. ఎత్తుగడ ఉన్నది ఆ చల్లదనంలోనే.

ఆకలి అన్న కేక ఎవరికి వినపడుతోందో చూడండి. ఆ ఇంట్లో నాన్న ఉండి ఉండొచ్చు, ఉన్నా ఆ కేక ఆయన్ని తాకదు. తెర బయట కూర్చున్న తల్లికి మాత్రం అది తన పిల్లల గొంతులా వినపడాలి. ఆకలి మామూలు విషయమే, ఏ పిల్లాడికైనా సాయంత్రం నాలుగింటికి వేస్తుంది. ప్రకటనలో మాత్రం అది ఆమె మీద మోపిన నేరంలా వస్తుంది. సిద్ధంగా ఏమీ లేదు, ఆలస్యమైంది, పిల్లలు అలమటిస్తున్నారు. ఆ నేరం నుంచి బయటపడటానికి ఆమెకు దొరికిన దారి ఆ పసుపు పొట్లం. ముందు అపరాధభావం పుట్టించి, ఆ వెంటనే విముక్తిని అమ్మారు. రెండూ ఒకే ముప్పై సెకన్లలో జరిగాయి గనుక మనకు రెండోది మాత్రమే గుర్తుంది.

రెండు నిమిషాల మాటే తీసుకోండి. ఆ గడియారం పిల్లలు ఎంతసేపు ఎదురు చూడాలో కొలుస్తుంది. ఆమెకు ఎంత సమయం మిగిలిందో కొలవదు. నిజంగా ఆమెకు సమయం మిగిల్చే వస్తువే అయితే, మిగిలిన సమయంలో ఆమె ఏం చేసిందో ఎక్కడో ఒకచోట కనపడాలి కదా. పుస్తకం తీసిందా, నడుం వాల్చిందా, ఆఫీసు కాగితాలు చూసుకుందా? నాకు గుర్తున్న ఆ కాలపు ప్రకటన దేనిలోనూ ఆమె ఏమీ చేయదు. నిలబడి, పిల్లలు తినడం చూస్తుంది. కనీసం తనూ ఒక గిన్నె తెచ్చుకుని వాళ్ల పక్కన కూర్చోదు. ఆమెకు ఆకలి లేదు. తిండి ప్రకటనలో ఆకలి లేని ఏకైక మనిషి అమ్మ.

ఈ వస్తువు పుట్టుక తెలిస్తే బాధ ఇంకా ఎక్కువవుతుంది. 1880లలో స్విట్జర్లాండ్‌లో ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లకి వంటకు సమయం దొరక్క కుటుంబాలు పోషకాహారానికి నోచుకోవడం లేదని అక్కడి ఫ్యాక్టరీ తనిఖీ అధికారి, వైద్యుడు ఫ్రిడోలిన్ షూలర్ ఆందోళన చెందాడు. పప్పుధాన్యాలతో త్వరగా ఉడికే చవకైన ఆహారం కోసం వెతుకులాట మొదలైంది. పిండిమర యజమాని జూలియస్ మ్యాగీ 1884 తర్వాత తయారుచేసిన పప్పుపిండి, సూప్ పొడులు ఆ అవసరంలోంచి వచ్చాయి. అంటే ఈ పేరు వెనక ఉన్న మొదటి ఆడమనిషి మగ్గం ముందు, యంత్రం ముందు నిలబడిన కూలీ. ఆమెకి పని ఉంది, అలసట ఉంది, సమయం లేదు. వందేళ్లు గడిచి ఆ పేరు మన ఇళ్లకు వచ్చేసరికి ఆమె ఉద్యోగం మాయమైంది, అలసట మాయమైంది. వంటింటి గుమ్మంలో పిల్లల కోసం ఎదురుచూసే నవ్వుముఖం మిగిలింది. 1983లో మన దేశంలో పనికి వెళ్లే ఆడవాళ్లు లేరా? పొగాకు బేళ్ల దగ్గర, బీడీలు చుట్టే అరుగుల మీద, బడుల్లో, ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో లేరా? అద్దం అన్న వాదం నిజమైతే వాళ్లు ఆ తెర మీద ఎందుకు పడలేదు?

"ఎవరూ ప్రకటన చూసి జీవితాలు మార్చుకోరు" అనేవాళ్లకి సమాధానం కూడా ఆ రోజుల్లోనే ఉంది. 1984 జులైలో దూరదర్శన్‌లో 'హమ్ లోగ్' మొదలైంది. కుటుంబ నియంత్రణ, ఆడవాళ్ల స్థాయి లాంటి విషయాల మీద జనాన్ని ఆలోచింపజేయాలని తలపెట్టిన ధారావాహిక అది. దాన్ని స్పాన్సర్ చేసింది మ్యాగీ. అందులో భాగవంతి అనే తల్లి పాత్ర, తిట్లూ అవమానాలూ దిగమింగి అందరికీ చాకిరీ చేసే ఇల్లాలు. ఇలా బతకకూడదు అని చెప్పడానికి రాసిన పాత్ర. ఆ ధారావాహికను అధ్యయనం చేసిన పరిశోధకులు అరవింద్ సింఘాల్, ఎవరెట్ రోజర్స్ గమనించింది ఏమిటంటే, ప్రేక్షకుల్లో చాలామంది ఆమెను ఆదర్శంగా తీసుకున్నారు. ఓర్పుగల తల్లి అని మెచ్చుకున్నారు. వద్దని చెప్పడానికి చూపించిన త్యాగమే ఇంత బలంగా నాటుకుంటే, కావాలని, సంగీతం జోడించి, రోజుకు పదిసార్లు చూపించే త్యాగం నాటుకోదని ఎలా అంటాం?

ప్రకటనలే ఈ అసమానతను పుట్టించాయని నేను అనడం లేదు. టీవీ రాకముందే మన ఇళ్లలో ఆడవాళ్లు చివర తినేవాళ్లు. తయారు తిండి వల్ల ఆడవాళ్లకి పని తగ్గిందన్న మాటనీ కాదనను. అల్లం వెల్లుల్లి ముద్ద డబ్బా, దోశపిండి ప్యాకెట్టు, మిక్సీ, కుక్కరు ఎంత ఊరటనిచ్చాయో అవి లేని రోజులు చూసినవాళ్లని అడగాలి. నా అభ్యంతరం పొట్లం మీద కాదు. పని తగ్గించే వస్తువును, ఆ పని ఆమెదేనని మళ్లీ ముద్ర వేసి అమ్మడం మీద.

ఇక్కడే ప్రకటనల విశ్లేషకులు చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. ఒప్పించే ఎత్తుగడల్ని ఒక అధ్యాయంగా, ఆడ, మగ మూసల్ని మరో అధ్యాయంగా విడగొట్టి రాస్తారు. భయం, ఆశ, ప్రముఖుల సిఫారసు, అంకెల గారడీ ఒక వైపు, వంటింటి అమ్మ మరో వైపు. రెండో వైపు సరిచేస్తే చాలు, మొదటిది వ్యాపారం కదా అని వదిలేస్తారు. ఈ విభజన తప్పు. తిండి ప్రకటనలో మూసే ఎత్తుగడ. ముప్పై సెకన్లలో పాత్రల్ని పరిచయం చేసే వ్యవధి ఉండదు. గిన్నె పట్టుకున్న ఆడమనిషిని చూపిస్తే చాలు, ఆమె ఎవరో, ఏం కోరుకుంటుందో, దేనికి భయపడుతుందో మనకు చెప్పకుండానే తెలుస్తుంది. ఆ తెలియడం మీదే అమ్మకం నడుస్తుంది. మూసను తీసేస్తే భయం నిలబడటానికి చోటుండదు.

పాలలో కలిపే పొడుల ప్రకటనలు చూస్తే ఇది స్పష్టపడుతుంది. హార్లిక్స్ మన తెలుగువాళ్లకి కొత్త కాదు, రాజమండ్రి పక్క ధవళేశ్వరంలో దాని ఫ్యాక్టరీ ఉంది. దక్షిణాది ఇళ్లలో జ్వరమొచ్చి తగ్గినవాళ్లకి, బాలింతలకి పెట్టేది కాస్తా క్రమంగా పొడుగు, బలం, చురుకు ఇచ్చే పానీయంగా పిల్లలకి చేరింది. ఈ రకం ప్రకటనల్లో తల్లి ఎదురుగా ఎప్పుడూ ఒక కొలత ఉంటుంది. పక్కింటి పిల్లాడి ఎత్తు, తరగతిలో ర్యాంకు, పరుగుపందెం. పిల్లాడు వెనకబడితే కెమెరా పిల్లాడి ముఖం మీద క్షణం ఆగి, తల్లి ముఖం మీద రెండు క్షణాలు ఆగుతుంది. ఓడింది ఎవరో మనకు అర్థమవుతుంది. పొడి కలిపిన పాలగ్లాసు వస్తుంది, పిల్లాడు గెలుస్తాడు, తల్లి ఊపిరి పీల్చుకుంటుంది.

ఆ వాగ్దానాల బలం ఎంతో 2008లో బ్రిటన్‌లో తేలింది. దక్షిణాసియా కోసం తీసిన హార్లిక్స్ ప్రకటన ఒకటి అక్కడ నేపాలీ చానల్‌లో ప్రసారమైంది. ఎముకలు, కండరాలు బలపడతాయని చెప్పే మ్యాగీ ప్రకటనా అలాగే వచ్చింది. ఆ మాటలకు ఆధారం లేదని అక్కడి ప్రకటనల ప్రమాణాల సంస్థ రెండింటినీ తప్పుబట్టింది. ఇక్కడి తల్లులు మాత్రం అప్పటికే ఏళ్ల తరబడి అవే మాటలు వింటున్నారు. 2024 ఏప్రిల్‌లో గానీ మన వాణిజ్య మంత్రిత్వ శాఖ బోర్న్‌విటా లాంటి పానీయాలను ఆన్‌లైన్ అంగళ్లలో ఆరోగ్య పానీయాల వరసలోంచి తీసేయమని చెప్పలేదు. ఇన్నేళ్లు ఆ పొడి కొనకపోతే పిల్లాడికి అన్యాయం చేస్తున్నానేమో అని బెంగపడిన తల్లులకి ఎవరు లెక్క చెప్పాలి? ఈలోగా హార్లిక్స్, కాంప్లాన్ కంపెనీలు ఒకదాని ప్రకటన ఒకదాని సరుకును కించపరిచిందంటూ కోర్టుల దాకా వెళ్లాయి. సరుకు పరువుకి న్యాయస్థానం ఉంది. ఆ రెండు సరుకుల మధ్య నలిగిన తల్లి పరువు గురించి ఎవరూ దావా వేయలేదు.

మ్యాగీ కూడా ఈ దారికే వచ్చింది. 2005లో గోధుమపిండి నూడుల్స్ తెచ్చి, రుచితో పాటు ఆరోగ్యం అన్న పాట అందుకుంది. పదేళ్లకి, 2015 జూన్‌లో, సీసం మోతాదు మించిందని, పొట్లం మీద రాతలు తప్పుదారి పట్టిస్తున్నాయని ఆహార భద్రతా సంస్థ అమ్మకాలు ఆపించింది. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది, పరీక్షలయ్యాక నవంబరులో సరుకు మళ్లీ అంగళ్లకు వచ్చింది. ఆ ప్రయోగశాల లెక్కల్లో ఎవరిది ఒప్పో అన్నది ఇక్కడ నా విషయం కాదు. ఆ వేసవిలో టీవీ చర్చల్లో వినపడిన ప్రశ్నే నా విషయం: "తల్లులు ఇన్నాళ్లూ పిల్లలకి ఏం పెడుతున్నారు?" కంపెనీ తప్పు చేసిందేమో అన్న అనుమానం కూడా చివరికి తిరిగి వంటింటికే చేరింది. ముప్పై ఏళ్లు ఆకలికి ఆమెనే జవాబుదారీ చేస్తూ వచ్చాక, సీసానికి కూడా ఆమెనే జవాబుదారీ చేయడం జనానికి సహజంగా తోచింది.

ఇక సరదా వాదం. "నవ్వుకోవడానికి తీసిన ప్రకటనలో లింగవివక్ష వెతకడం ఏమిటి?" అంటారు. 2019 జూన్ 14 నుంచి బ్రిటన్‌లో హానికరమైన ఆడ, మగ మూసలు ప్రకటనల్లో ఉండకూడదన్న నియమం అమల్లోకి వచ్చింది. ఆగస్టులో ఆ నియమం కింద మొదటిసారి ఆగిపోయిన రెండు ప్రకటనల్లో ఒకటి తిండిదే, ఫిలడెల్ఫియా చీజ్‌ది. కొత్తగా తండ్రులైన ఇద్దరు, పళ్లేలు కదిలే పట్టీ మీద వచ్చే ఒక హోటల్లో చీజ్ రుచిలో పడి, చేతిలో బిడ్డల సంగతి మరిచిపోతారు. బిడ్డలు ఆ పట్టీ మీద వెళ్లిపోతారు. తేరుకుని, అమ్మకి చెప్పొద్దులే అనుకుంటారు. కంపెనీ సమర్థన ఆసక్తికరం: తల్లుల్ని చూపించే మూస వద్దనే తండ్రుల్ని పెట్టాం అంది. అక్కడి ప్రకటనల ప్రమాణాల సంస్థ ఒప్పుకోలేదు. మగవాళ్లకి బిడ్డల్ని చూసుకోవడం చేతకాదన్న మూస మీదే ఆ నవ్వు నిలబడిందని చెప్పింది.

ఈ తీర్పును ఎగతాళి చేసినవాళ్లు మన దగ్గరా ఉన్నారు. నేను దాన్ని పూర్తిగా సమర్థిస్తాను. చేతకాని నాన్నను చూసి నవ్వడంలో ఆడవాళ్లకి గౌరవమేమీ దక్కదు. ఆయనకి చేతకాదు గనక ఆమే చేయాలి అన్నది ఆ నవ్వు వెనక ఉన్న తీర్మానం. మన ఇళ్లలో "మీ నాన్నకి టీ పెట్టడం కూడా రాదు" అని ముద్దుగా చెప్పుకునే మాట ఎన్ని వేల సాయంత్రాలు ఒక మనిషిని కుర్చీలో, ఒక మనిషిని స్టవ్ ముందు ఉంచిందో ఆలోచించండి. నవ్వు వచ్చిన చోట మనం వాదించం, అందుకే ప్రకటన నవ్విస్తుంది. ఆకలేస్తే మనిషి మనిషిలా ఉండడన్న స్నికర్స్ ప్రకటనల హిందీ రూపంలో, ఆకలేసిన కుర్రాడు నటి రేఖగా, నటి ఊర్మిళగా మారి గొణుగుతాడు, అలుగుతాడు. ఒక ముక్క తినగానే మళ్లీ మగవాడైపోతాడు. నసపెట్టడం ఆడతనం, నిబ్బరం మగతనం అన్న సమీకరణం లేకపోతే ఆ హాస్యం పండదు.

"అవన్నీ పాతవి, ఇప్పుడు మారిపోయాయి" అనేవాళ్లు వెంటనే క్యాడ్‌బరీ పేరు చెబుతారు. 1994 నాటి ప్రకటనలో క్రికెట్ ఆటగాడు పరుగులు కొట్టగానే పూలగౌను వేసుకున్న అమ్మాయి కాపలావాణ్ణి తప్పించుకుని మైదానంలోకి గంతులేస్తూ వస్తుంది. 2021లో దాన్నే తిరగేసి, ఆడేది అమ్మాయి, గంతులేసేది అబ్బాయిగా తీశారు. బాగుంది, నాకూ నచ్చింది. అయితే గుర్తు పెట్టుకోవాల్సినవి ఉన్నాయి. చాక్లెట్‌ని ఎవరూ ఇంట్లో వండరు. అక్కడ పాత్రలు తారుమారు చేస్తే కంపెనీ పోగొట్టుకునేది ఏమీ లేదు. తల్లి బెంగ మీద నడిచే పాలపొడి ప్రకటనలోనో, భార్య జాగ్రత్త మీద నడిచే వంటనూనె ప్రకటనలోనో ఆ మార్పు చేయాలంటే బెంగనే వదులుకోవాలి. పైగా, మెచ్చుకోళ్లు అందుకున్న ఈ క్యాడ్‌బరీ, ఆగిపోయిన ఆ ఫిలడెల్ఫియా, రెండూ మోండెలీజ్ అన్న ఒకే కంపెనీవి. కంపెనీకి జ్ఞానోదయమైందని మురిసిపోకుండా, ఏ సరుకుకి ఏ కథ అమ్ముడుపోతుందో చూసుకుంటోందని తెలుసుకోవాలి. నిజానికి 1994 ప్రకటనలో నాకు ఇప్పటికీ గొప్పగా తోచేది వేరే: ఆ అమ్మాయి చాక్లెట్ ఎవరికీ తినిపించదు. తనే తింటుంది, తన సంతోషం కోసం.

ప్రకటనల్లో ఆడవాళ్లే ఎక్కువ కనిపిస్తున్నారు కదా, ఇంకేం కావాలి అని అడిగేవాళ్లూ ఉన్నారు. యునిసెఫ్, గీనా డేవిస్ సంస్థ కలిసి 2021లో మన దేశపు ప్రకటనల మీద ఇచ్చిన నివేదికలో ఆడవాళ్లు తెరమీద ఉండే సమయం దాదాపు 60 శాతం అని తేలిన మాట నిజం. ఆ సమయంలో వాళ్లు ఎక్కువగా అమ్ముతున్నవి తిండి, శుభ్రత, అందం సరుకులనీ, ఉద్యోగం చేస్తూ కనిపించే అవకాశం మగవాళ్ల కంటే తక్కువనీ అదే నివేదిక చెప్పింది. తెర మీద ఎక్కువసేపు గిన్నె పట్టుకుని ఉండటం ప్రాతినిధ్యం కాదు.

సంస్కృతి వాదానికి జవాబు చాలా పొట్టిది. వంటింటిని నిలదీయడం పడమటి నుంచి దిగుమతి చేసుకున్న అలవాటు అనేవాళ్లు విమల 'వంటిల్లు' కవిత, పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ చదవాలి. తెలుగు ఆడవాళ్లు తెలుగులో, తమ ఇళ్ల గురించి ఈ ప్రశ్నలు ఎప్పుడో అడిగారు. చట్టం సంగతికొస్తే, అదీ మనదే. 1994 కేబుల్ టెలివిజన్ నిబంధనల్లోని ఏడో నియమం, ఆడవాళ్లలో అణకువనే ఎత్తిచూపుతూ కుటుంబంలో, సమాజంలో వాళ్లు రెండో స్థానంలో ఉండేలా ప్రోత్సహించే చిత్రణ ప్రకటనల్లో ఉండకూడదని చెబుతోంది. బ్రిటన్ నియమం కంటే ఇది పాతికేళ్లు పెద్దది. మన దేశపు ప్రకటనల ప్రమాణాల మండలి నియమావళిని దాటిన ప్రకటనలు కేబుల్‌లో రాకూడదని 2006లో చేర్చారు. ఆ మండలి 2022 జూన్‌లో ఆడ, మగ మూసల మీద ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది. ఆడమనిషి ఇల్లు ఊడ్చడం చూపించొచ్చు, కానీ ఇంటిల్లిపాదీ చిందరవందర చేసి, మగవాడు కాళ్లు చాపుకుని కూర్చుంటే, సర్దే బాధ్యత ఆమె ఒక్కదానిదే అన్నట్టు చూపించకూడదంది. నాకు ఇందులో ఒక అసంతృప్తి ఉంది. చిందరవందర ఇల్లు కంటికి కనపడుతుంది, తల్లిలో పుట్టించే అపరాధభావం కనపడదు. దాన్ని పట్టుకునే వాక్యం ఆ పత్రంలో స్పష్టంగా ఉండాలి. పిల్లల ఆకలినీ, ఎత్తునీ, ర్యాంకునీ తల్లి ఒక్కదాని వైఫల్యంగా చూపించి సరుకు అమ్మకూడదు అని నేరుగా రాయాలి.

ఫిర్యాదు చేసి ఏం లాభం, ఒక్కరు చెబితే ఎవరు వింటారు అన్నది మిగిలిన ఆఖరి మాట. ఇదీ తప్పే. ఫిలడెల్ఫియా ప్రకటన మీద వచ్చిన ఫిర్యాదులు 128. అదే రోజు ఆగిపోయిన రెండో ప్రకటన ఫోక్స్‌వాగన్ కారుది. అందులో మగవాళ్లు అంతరిక్షంలో తేలుతుంటే, లాంగ్‌జంప్ చేస్తుంటే, ఆడమనిషి పిల్లల బండి పక్కన బెంచీ మీద కూర్చుని ఉంటుంది. దాని మీద వచ్చిన ఫిర్యాదులు మూడు.